చెట్ల జిగురు – కడుపులో మందు ప్రయాణము

గత వర్షకాలమున మా తరగతి విద్యార్థి యొకడు మూడు దినములు పాఠశాలకు రాలేదు. వచ్చిన పిదప కారణ మడుగగా, తన నాయనమ్మకు పెద్దప్రేవులలో పుండ్లు పడి నెత్తురుతో విరేచనము లగుచున్నవనియు, ఆమెను గుంటూరునకు వైద్యునియొద్దకు గొనిపోవలసి వచ్చెననియు జెప్పెను. వైద్యుడు అంతకు నెలదినముల ముందే మాత్ర లిచ్చియుండెను. ఇంటివారు వానిని పూటపూటకు దప్పక యిచ్చుచునే యుండిరి. కాని గుణము కానరాలేదు. తుదకు వైద్యుడు, "మాత్రను ఎట్లు ఇచ్చుచున్నారు?" అని యడిగెను. "అమ్మకు గొంతు దిగదండీ. కల్వములో నూఱి మజ్జిగలో కలిపి ఇచ్చుచున్నాము" అని ఆ బాలుని తండ్రి చెప్పెను. "అయ్యా, తాళము వేసిన పెట్టెను మీ ఇంటిలోనే పగులగొట్టి పంపుచున్నారు. ఇక లోపలి సరకు చేరవలసిన ఊరికి ఎట్లు చేరును?" అని వైద్యు డనెనట.

ఆ మాట మా తరగతిలో కొన్ని వారముల చర్చకు మూలమయ్యెను. మాత్రకు తాళ మేమి? దానిని వేయువా రెవరు? లోపల తీయువా రెవరు? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుకొనుచు మేము నేర్చికొన్న సంగతులను ఈ వ్యాసమున మా తోడి విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుచున్నాము. విచిత్ర మేమనగా, ఆ తాళములలో కొన్ని మన పెరటిలోను, మన పొలములలోను బుట్టినవే.

జిగురన నేమి?

మన సీమలో జిగురు నెఱుగని యిల్లు లేదు. బెండకాయ కోసిన చేతికి జిగురంటును. నానబెట్టిన మెంతులు జారుడుగా నుండును. వేసవిలో సబ్జాగింజలను నీటిలో వేయగా ఒక్కొక్క గింజచుట్టును తెల్లని తెర యుబ్బును. మన తాతలు తుమ్మబంకతో కాగితము లంటించెడివారు. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల పొడియు ఱంపపు పొట్టును గలిపిన ముద్దతో బొమ్మల యంగముల నతుకుదురు. ఇవి యన్నియు వేఱువేఱు వస్తువులుగా దోచినను, రసాయన శాస్త్రజ్ఞుని కంటికి ఒకే కుటుంబములోనివి. చక్కెర యణువులు వందలు, వేలుగా గొలుసువలె గూడినవే యివి. అందుచే వీనిని బహుశర్కరము లందురు.

మన ప్రత్తియు నా కుటుంబములోనిదే. గింజ తీసి శుభ్రపఱచిన ప్రత్తి దాదాపుగా అంతయు సెల్యులోజ్ అను బహుశర్కరమే. మన మన్నములో దినుచున్న పిండిపదార్థమును అట్టిదే. రెండును గ్లూకోజ్ అను ఒకే చక్కెరతో గట్టబడినవి. భేద మంతయు ఒక చక్కెర మఱియొక చక్కెరతో చేయి గలుపు తీరులో నున్నది. ఒక తీరున గలిసిన యెడల అన్నమగును. ఇంకొక తీరున గలిసిన యెడల చొక్కాబట్ట యగును. అన్నపు గొలుసును ద్రెంచు రసములు మన నోటను, చిన్నప్రేవులలోను గలవు. ప్రత్తి గొలుసును ద్రెంచు రసము మన శరీరము చేయజాలదు.

ఒంగోలు ఎద్దు జొన్నచొప్ప దిని బండి లాగుచున్నది గదా, దానికెట్లు సాధ్యమని అడుగవచ్చును. ఎద్దునకు సైతము ఆ రసము స్వంతముగా లేదు. దాని పొట్టలోని పెద్ద యఱలో నివసించు సూక్ష్మజీవులు చొప్పను పులియబెట్టి దానికి బలము నిచ్చుచున్నవి. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపక ముంచుకొందురుగాక. ముందు మన తాళపుచెవి ఇక్కడనే దొరకును.

నీటిని బట్టు వల

మేము మూడు గ్లాసులలో సమానముగా నీరు పోసి, మొదటి దానిలో చిటికెడు ప్రత్తిని, రెండవదానిలో చెంచాడు సబ్జాగింజలను, మూడవదానిలో చెంచాడు ఇసబ్‌గోలు పొట్టును వేసితిమి. పావుగంట గడచునప్పటికి ప్రత్తి తడిసి యూరకుండెను. సబ్జా యుబ్బెను. ఇసబ్‌గోలు నీటినంతయు బీల్చుకొని, గ్లాసును వంచినను జాఱని ముద్ద యయ్యెను. ఇట్టి ముద్దను శాస్త్రజ్ఞులు హైడ్రోజెల్ అందురు. గొలుసులు ఒకదానితో నొకటి పెనవేసికొని వలవలె నేర్పడి, తమ బరువునకు ఎన్నో రెట్లు నీటిని ఆ వలకన్నులలో బట్టియుంచును. నీ రందులోనే యున్నది; కాని పాఱదు.

తరువాత రెండు పటికబెల్లపు పలుకులను దీసికొని, ఒకదానిని ఉన్నదున్నట్లుగాను, రెండవదానిని చిక్కని ఇసబ్‌గోలు ముద్దలో బొదిగియు నీటిలో వేసితిమి. మొదటిది కరగి కనబడకుండ బోయిన తరువాత రెండవ ముద్దను విప్పి చూడగా, లోపల పలుకు ఇంకను మిగిలియుండెను. మాత్రకు దాళము వేయుటలోని మూలసూత్ర మిదియే. నీరు లోనికి జొచ్చుటకును, కరగినది వెలుపలికి వచ్చుటకును ఆ వలకన్నులగుండ మెల్లగా నడువవలెను. ఆలస్యమే యిక్కడి కాపలా.

ప్రత్తి తడిసియు నేల ముద్ద కాలేదని మాలో నొకరు ప్రశ్నించిరి. ప్రత్తిలోని గొలుసులు ఒకదానినొకటి గట్టిగా బట్టుకొనియుండుటచే నీరు వాని నడుమ జొరబడి విడదీయజాలదు. రసాయన శాస్త్రజ్ఞులు ఆ గొలుసులకు చిన్న చిన్న యణుసమూహముల నతికించి, ఆ పట్టును సడలింతురు. అప్పుడు ప్రత్తి గొలుసు సైతము నీటిలో జిగురగును. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, హైడ్రాక్సీప్రొపైల్ మిథైల్ సెల్యులోజ్ అనునవి అట్టివి. వీనిని కఱ్ఱగుజ్జునుండియు, ప్రత్తిగింజ నంటియుండు పొట్టినూగు నుండియు జేయుదురు. దూది తీసిన పిదపగూడ గింజపై మిగిలియుండు నూగును మన గుంటూరు సీమలో జూడనివారుండరు. నేడు మెల్లగా కరగునట్లు చేయబడిన మాత్రలలో పెక్కింట ఈ సెల్యులోజ్ జిగురు లున్నవి.

మందునకు దారి

ఇక మాత్ర నడుచు దారిని జూతము. మ్రింగిన మాత్ర మొదట జఠరమున బడును. అచ్చట గాఢమైన ఆమ్లము కలదు. ఆ పిదప సుమారు 6 మీటర్ల పొడవుగల చిన్నప్రేవులు. అచ్చట ఆమ్లము విఱిగిపోవును; అన్నసారముతోపాటు మందులలో బెక్కు రక్తములోనికి బీల్చుకొనబడును. ఈ దారి గడచుటకు మూడు నాలుగు గంటలు పట్టును. తుదకు మీటరున్నర పొడవుగల పెద్దప్రేవులు. అచ్చట ప్రయాణము మిక్కిలి మెల్లన. ఒక దినముగాని, అంతకు మించిగాని పట్టును.

తలనొప్పికి, జ్వరమునకు వాడు మందు చిన్నప్రేవులలో రక్తమున గలియుటయే మనకు గావలసినది. కాని వ్యాధి పెద్దప్రేవులలోనే యున్నయెడల సంగతి వేఱు. పైని జెప్పిన ముసలమ్మకు వైద్యు డిచ్చిన మెసలజైన్ అను మందు ప్రేవు లోపలి పొరకు దగిలి పనిచేయునది. విడిగా మ్రింగినచో అది చిన్నప్రేవులలోనే రక్తమున గలిసిపోయి, పుండున్న చోటికి జేరునది స్వల్పము. అమీబా యను సూక్ష్మజీవి వలన గలుగు జిగట విరేచనములలోను వ్యాధికి ముఖ్యస్థానము పెద్దప్రేవులే. అందులకు వాడు మెట్రోనిడజోల్ పైభాగముననే పీల్చుకొనబడి, రక్తముద్వారా దేహమంతయు దిరిగి రావలెను. మందు పనిచేయును, కాని రోగికి నోట లోహపు రుచియు, వికారమును గలుగుట కద్దు. మందును నేరుగా వ్యాధిస్థానమునకే చేర్చగలిగిన యెడల మేలుగదా యని శాస్త్రజ్ఞులు తలంచిరి.

మిరప కోతలనాడు ఒక్కదినము కూలి పోయినను కష్టమగు కుటుంబములు మన గ్రామములలో నెన్నో కలవు. అట్టివారి యింట కడుపుజబ్బు వారముల తరబడి పీడించుట ఎంతటి నష్టమో మేము చెప్పనక్కఱలేదు. కావున ఇది పుస్తకములలోని వినోదము మాత్రము గాదు.

తాళపుచెవి దొరకుట

స్వీడను దేశములో నన్నా స్వార్ట్జ్ అను వైద్యురాలు సల్ఫసలజైన్ అను మందును గూర్చి 1942లో ప్రకటించెను. అది రెండు మందులను ఒక రసాయనిక బంధముతో గలిపినది. పెద్దప్రేవుల వ్యాధికి అది గుణమిచ్చెను. అందులో పనిచేయు భాగ మేదియో 1977లో ఆజాద్ ఖాన్ ప్రభృతులు ఇంగ్లండులో నిరూపించిరి. పెద్దప్రేవులలోని సూక్ష్మజీవులు ఆ బంధమును ద్రెంచి, లోపలనున్న మందును విడిపించుచున్నవి. ఆ విడిపింపబడినదే నేటి మెసలజైన్.

ఇక్కడ ఒంగోలు ఎద్దును మరల జ్ఞాపకము చేసికొనవలెను. మన జఠరమున సూక్ష్మజీవులు మిక్కిలి తక్కువ. పెద్దప్రేవులలోనో, ఒక్క గ్రాము పదార్థములో పదివేల కోట్ల మేర నుండును. మన మరిగించుకొనలేని జిగురులను అవి పులియబెట్టి యాహారముగా గొనును. అనగా, చెట్ల జిగురుతో మాత్రకు దాళము వేసినయెడల, జఠరములోని ఆమ్లము గాని, చిన్నప్రేవుల రసములు గాని దానిని దీయలేవు. చెవి పెద్దప్రేవులలోని యా సూక్ష్మజీవులయొద్దనే యున్నది. తాళము మార్గమధ్యమున విడక, గమ్యస్థానమున విడుట కింతకన్న సులువైన యుపాయ మేది?

గోరుచిక్కుడుతో విశాఖపట్టణపు పరిశోధన

ఈ యుపాయమును మన తెలుగుదేశములోనే పరీక్షించి చూచిరని తెలిసినప్పుడు మా సంతోషమునకు మేర లేకపోయెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఔషధశాస్త్ర విభాగమున వై. ఎస్. ఆర్. కృష్ణయ్య, ఎస్. సత్యనారాయణ, వై. వి. రామప్రసాద్ గారలు గోరుచిక్కుడు జిగురును ఇందులకు ఎన్నుకొనిరి. మనము కూరగా వండుకొను గోరుచిక్కుడే అది. లేతకాయను గాక, ముదిరిన గింజలోని తెల్లని పప్పును పొడిచేసిన యెడల ఆ జిగురు లభించును. రాజస్థానమున దీనిని విరివిగా బండింతురు. మానోజ్ అను చక్కెరతో గట్టిన పొడుగు గొలుసు. దానికి ఇంచుమించు రెండు కణుపుల కొకటి చొప్పున గాలక్టోజ్ అను చక్కెర ప్రక్కకొమ్మవలె నుండును. దాని నిర్మాణ మట్టిది.

1998లో ప్రకటించిన వారి మొదటి పరిశోధనలో ఇండోమెథాసిన్ అను మందును ఈ జిగురుతో గలిపి మాత్రలు చేసిరి. వానిని జఠరరసమును, చిన్నప్రేవుల రసమును బోలిన ద్రవములలో నుంచగా, మందు పూర్తిగా విడుదల కాకుండ జిగురు కాపాడెను. తరువాత ఎలుకల ప్రేవులలోని పదార్థమును ఆ ద్రవమునకు జేర్చగా, సూక్ష్మజీవుల రసములచే జిగురు తెగి మందు వెలువడెను. ఇంకొక చిత్రము చూడుడు. ఎలుకలకు ముందుగా మూడు దినములు ఈ జిగురును త్రాగించి, ఆ పిదప వాని ప్రేవులలోని పదార్థమును దీసికొనినచో మందు మఱింత యెక్కువగా వెలువడెను. ఏడు దినములు త్రాగించినచో అంతకన్న నెక్కువ. అనగా, తిండి యలవాటైనకొలది సూక్ష్మజీవులు దానిని ద్రెంచు రసమును హెచ్చుగా సిద్ధపఱచుకొనుచున్నవి.

ఎలుకలలో జరిగినది మనుష్యులలోను జరుగునా? దీనిని దెలిసికొనుటకు వారు ఆ సంవత్సరమే మఱియొక పరీక్షను ప్రకటించిరి. టెక్నీషియం అను రేడియో ధార్మిక పదార్థమును కొలదిగా మాత్రలో జేర్చి, ఆరుగురు ఆరోగ్యవంతులైన స్వచ్ఛందసేవకుల చేత మ్రింగించిరి. ఆ పదార్థపు శక్తి ఆరు గంటలలో సగము తగ్గిపోవును. అది వెలువరించు కిరణములను వెలుపలనుండి ప్రత్యేకమైన కెమెరాతో బట్టి, మాత్ర ఎక్కడ నున్నదియు, ఎక్కడ విడుచున్నదియు జూచిరి. జఠరములోను, చిన్నప్రేవులలోను మాత్రపైభాగము నంటియున్న కొలదిపాటి గుఱుతు మాత్రమే వదలెను. అధికభాగము పెద్దప్రేవులకు జేరిన పిదపనే విడుదలయ్యెను. ఆ తరువాత 2001లో నులిపురుగుల మందగు మెబెండజోల్‌తోను, 2002లో అమీబా వ్యాధికి వాడు మెట్రోనిడజోల్‌తోను ఇట్టి మాత్రలను గూర్చియే వారి పరిశోధనలు ప్రకటితమైనవి.

హైదరాబాదునందు ఉస్మానియా విశ్వవిద్యాలయమున జానకి, శశిధర్ గారలు కొండగోగు జిగురును 1998లో పరిశీలించిరి. కొండలలో పచ్చని పూవులతో బూచు ఆ చెట్టు కాయలో గింజలచుట్టు దూదివంటి నూగుండును; అందుచేతనే దాని శాస్త్రీయనామములలో నొకదానిలో ప్రత్తి పేరు చేరినది. ఎలుకలకు 90 దినములు ఆ జిగురును దినిపించి దాని క్షేమమును బరీక్షించిన ఫలితములు 2000లో వెలువడెను. తరువాత దానితో మందు మోయు ముద్దలు చేయు యత్నములును జరిగినవి. గిరిజనులు కొండలలో సేకరించు జిగురునకు ఇట్టి యుపయోగములు స్థిరపడిన యెడల వారి కష్టమునకు మంచి వెల రాగలదు.

లోపములు

ఇంత చెప్పి, తాళము లోపములేనిదని చెప్పిన యెడల మేము సత్యమును దాచినవార మగుదుము. చెట్టు జిగురు ఏటికేడు ఒక్కతీరున నుండదు. వాన, నేల, కోతకాలము, నిలువ యుంచిన విధము దాని చిక్కదనమును మార్చును. ప్రతిమాత్రయు ఒక్కతీరుగా విడవలెనని కోరు ఔషధశాలకు ఇది పెద్ద చిక్కు. జిగురు మరీ వేగముగా నుబ్బినచో మందు ముందుగానే జాఱిపోవును. తాళపుచెవులును అందఱియొద్ద నొక్కతీరుగా నుండవు. ఒకరి ప్రేవులలోని సూక్ష్మజీవులు మఱియొకరిలో నుండకపోవచ్చును. సూక్ష్మజీవులను జంపు మందులు వాడుచున్నపుడు చెవి యే పోవచ్చును. విరేచనములు తీవ్రముగా నున్నపుడు మాత్ర విడువకముందే కొట్టుకొని పోవచ్చును. ఈ కారణములచే జిగురు తాళపు మాత్రలలో బెక్కు ఇంకను పరిశోధనాగారములలోనే యున్నవి. అంగడిలో దొరకు పెద్దప్రేవుల మాత్రలకు ఆమ్లమున గరగక, ఆమ్లము తగ్గిన చోట గరగు పూతను బూయుట యెక్కువ వాడుక. తాళము వేఱైనను, అది దారిలో విఱుగరాదను నియమము మాత్ర మొక్కటే.

ఇంటివారికి మనవి

మేము నేర్చినదానిలో ఇంటింటికి బనికివచ్చునవి మూడు సంగతులు కలవు.

మొదటిది: వైద్యుని గాని, మందుల యంగడివారిని గాని అడుగకుండ ఏ మాత్రను నూఱరాదు, విఱువరాదు, నమలరాదు. కొన్ని మాత్రలను విఱుచుటకే నడుమ గీత యుండును. కొన్నిటిని బొడిచేసినను దోషము లేదు. కాని మెల్లగా గరగవలసినవానిని, ప్రేవులలో గరగవలసినవానిని బొడిచేసితిమా, తాళము పగిలినట్లే. కొన్నిటి విషయమున దినమంతటికి మెల్లగా రావలసిన మందు ఒక్కసారిగా దేహమున బడి కీడు చేయును. గొంతు దిగని యెడల ఆ మాటను వైద్యునితో జెప్పవలెను. వేఱు రూపమున మందు నిచ్చును.

రెండవది: ఇసబ్‌గోలు వంటి యుబ్బుడు పొడులను నిండుగ్లాసు నీటితో, కూర్చుండి త్రాగవలెను. కొలది నీటితో మ్రింగినచో గొంతులోనే యుబ్బి యడ్డుపడగలవు. అమెరికా దేశములో బరువు తగ్గుటకని అమ్మిన గోరుచిక్కుడు జిగురు మాత్రలు అన్ననాళమున నుబ్బి కొందఱికి ప్రాణాపాయమును గలిగింపగా, 1990లో ప్రభుత్వాధికారులు వాని యమ్మకమును అడ్డగించిరి. మేలుచేయు గుణమే చోటు తప్పినచో కీడు చేయుట కిది నిదర్శనము.

మూడవది: పెరటి జిగురు మందును మోయగలదే కాని మందునకు బదులు కాదు. విరేచనమున నెత్తురు కనబడినను, చిన్నబిడ్డ కన్నులు లోతుకు బోయి నాలుక యెండినను, మెంతులతోను సబ్జాతోను కాలయాపన చేయరాదు. ఉప్పు, చక్కెర కలిపిన ఓ. ఆర్. ఎస్. నీటిని బట్టించుచు వెంటనే వైద్యునియొద్దకు గొనిపోవలెను.

మొదట జెప్పిన నాయనమ్మకు వైద్యుడు మాత్రలకు బదులు చిన్నచిన్న పలుకులుగా నుండు మందును వ్రాసియిచ్చెను. ఒక్కొక్క పలుకునకు దాని తాళము దానికే కలదు. మజ్జిగతో నమలకుండ మ్రింగవచ్చును. ఆ బాలుడు పూటపూటకు ప్రక్కన గూర్చుండి, "నాయనమ్మా, నమలవద్దు" అని హెచ్చరించుచుండెనట. రెండు నెలలకు ఆమెకు నెత్తురు కట్టినది. సంక్రాంతికి ఆమె తన చేతితో వండి పంపిన అరిసెలను మా తరగతి యంతయు దిన్నది.

బాలబాలికలారా, ఈసారి మీ యింట గోరుచిక్కుడు కూర వండిననాడు ముదిరిన కాయ నొకదానిని విప్పి, గింజను నానబెట్టి, వ్రేళ్లతో నలిపి చూడుడు. చేతికంటు ఆ జిగురు ఏమి, ఏల నట్లున్నది, మఱి యెందులకు బనికివచ్చునని యడుగుడు. విశాఖపట్టణమున జరిగిన పరిశోధనయు నట్టి ప్రశ్నలతోనే ప్రారంభమై యుండును. ప్రత్తియు, మిరపయు బండు మన నల్లరేగడి నేలలోని మొక్కలను గూర్చి అడుగవలసిన ప్రశ్న లింకను ఎన్నో కలవు. వానిని మీరే యడుగవలెను.